టెండరు పెట్టె నుంచి మెయిలు మీద సంతకం దాకా

పనిలో చెవికి పెట్టుకుని వినేవాళ్లకి ఏళ్లు, పేర్లు గుర్తుండవు. అందుకే ఈ ఎపిసోడ్‌లో చెప్పినదాన్ని కాస్త సరిచేసి ఇక్కడ రాసి పెడుతున్నాను.

మొన్నామధ్య మా సైట్ ఆఫీసుకి ఒక మెయిల్ వచ్చింది. మాకు స్టీల్ పంపే ఆయన పేరే, లోగో అదే, బిల్లు నంబరు కూడా కరెక్టే. "మా బ్యాంకు మారింది, ఇకనుంచి ఈ అకౌంటులో వేయండి" అని ఉంది. అకౌంట్స్ చూసే అమ్మాయి వేసేసింది. నెల తర్వాత అసలు మనిషి ఫోన్ చేసి "నా డబ్బులేవీ?" అంటే గానీ తెలియలేదు. ఇక్కడ అమెరికాలో ఇది రోజూ జరిగేదే. 2023 ఒక్క ఏడాదిలో ఈ రకం మెయిల్ మోసాల మీద ఎఫ్‌బీఐకి 21 వేలకు పైగా ఫిర్యాదులు వెళ్లాయి. పోయిన సొమ్ము దాదాపు 290 కోట్ల డాలర్లు.

ఆ దెబ్బతో మా సూపర్‌వైజర్లందరినీ మెయిల్‌కి డిజిటల్ సర్టిఫికెట్ పెట్టుకోమన్నారు. ఐటీ వాళ్లు ఇచ్చింది రెండు పేజీల కాగితమే. దాంతో నాకు ఒక ఆదివారం మొత్తం పోయింది.

ఆ మాట నాకు కొత్త కాదు. ఐటీఐ అయ్యాక ఊళ్లో ఒక కాంట్రాక్టరు దగ్గర చేరాను. అప్పుడు టెండరు రోజంటే భయమే. ఆఫీసు గేటు దగ్గర అవతలి వాళ్ల మనుషులు పొద్దున్నే వచ్చి నిలబడేవాళ్లు. పెట్టెలో కవరు వేయడం తర్వాతి మాట, ఫారం కొనుక్కోడానికే లోపలికి పోనిచ్చేవాళ్లు కాదు. ఒకసారి మా కవరు నా చొక్కా లోపలే ఉండిపోయింది, టైము అయిపోయింది. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ-ప్రొక్యూర్‌మెంట్ తెచ్చింది. టెండరు కంప్యూటర్లోంచే వేయొచ్చు, గేటు దగ్గర ఎవరు నిలబడితే మనకేంటి? ఇక దాని మీద సంతకానికి డిజిటల్ సర్టిఫికెట్. అలాంటి సంతకం చెల్లుతుందని చెప్పిన చట్టం 2000 అక్టోబర్ 17 నుంచి అమల్లోకి వచ్చిన ఐటీ చట్టం. మా సారు మాత్రం టోకెన్‌నీ, దాని పిన్ రాసిన చీటీనీ కలిపి కంప్యూటర్ కుర్రాడికి ఇచ్చేసి "నువ్వే చూసుకోరా" అన్నాడు. ఖాళీ చెక్కుల మీద సంతకాలు పెట్టి ఇచ్చినట్టే అది. అప్పుడు మాకెవరికీ తట్టలేదు.

అసలు సమస్య చాలా పాతది. 1858లో బెంగాల్‌లో విలియం హెర్షెల్ అనే తెల్ల అధికారి రోడ్డు మెటీరియల్ సప్లైకి రాజ్యధర్ కోనాయ్ అనే కాంట్రాక్టరుతో కాగితం రాయించుకున్నాడు. రేపు "ఆ సంతకం నాది కాదు" అనకుండా కాగితం వెనకాల అతని అరచేతి ముద్ర వేయించాడు. వేలిముద్రల చరిత్రలో ఈ కథ తప్పకుండా చెబుతారు. చూడండి, అక్కడా మన కాంట్రాక్టు పనే!

కంప్యూటరుకి వేలు లేదు కదా. 1976లో స్టాన్‌ఫర్డ్‌లో విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్‌మన్ అనే ఇద్దరు ఒక తాళానికి రెండు తాళంచెవులు ఉండొచ్చన్నారు. ఒకటి ఊరందరికీ పంచేది, పబ్లిక్ కీ. ఇంకోటి మన జేబు దాటకూడనిది, ప్రైవేట్ కీ. మరుసటి ఏడాది ఎంఐటీలో రివెస్ట్, షమీర్, ఏడిల్‌మన్ దాన్ని లెక్కల్లో చేసి చూపించారు. ముగ్గురి పేర్ల మొదటి అక్షరాలే ఆర్‌ఎస్‌ఏ.

సంతకం ఎలాగంటే, కంప్యూటర్ మన మెయిల్ మొత్తాన్ని లెక్కకట్టి ఒక చిన్న గుర్తు తీస్తుంది, దాని మీద ప్రైవేట్ కీతో ముద్ర వేస్తుంది. అవతలివాడు పబ్లిక్ కీతో సరిచూస్తాడు. దారిలో ఎవడైనా అకౌంట్ నంబర్లో ఒక్క అంకె మార్చినా లెక్క తప్పుతుంది.

ఇక్కడొక చిక్కుంది. ఈ పబ్లిక్ కీ ఫలానా వాడిదే అని నమ్మేదెలా? దొంగ కూడా ఒక కీ చేసుకుని దాని మీద నా పేరు రాసుకోవచ్చుగా. 1978లో దీనికి దారి చూపినవాడు లోరెన్ కోన్‌ఫెల్డర్, ఎంఐటీలో డిగ్రీ చదివే కుర్రాడు. తన ప్రాజెక్టు పుస్తకంలో, నమ్మకమైన మూడో మనిషి ఒకడు "ఈ కీ ఈ మనిషిదే" అని సంతకం పెట్టి ఇవ్వాలి, దాన్ని సర్టిఫికెట్ అనాలి అన్నాడు. ఐటీఐ సీటు కోసం జిరాక్సులు పట్టుకుని గెజిటెడ్ ఆఫీసరు వరండాలో నిలబడ్డవాళ్లకి ఇంతకంటే చెప్పక్కర్లేదు. పచ్చ సిరా సంతకం, కింద రబ్బరు స్టాంపు, అంతే. 1988లో దీన్నే ఎక్స్.509 అనే పద్ధతిగా ఖాయం చేశారు. ఇప్పటికీ నడిచేది అదే. అటెస్ట్ చేసేవాళ్లని సర్టిఫైయింగ్ అథారిటీ అంటారు. మన హైదరాబాద్‌లో రిజర్వ్ బ్యాంక్ 1996లో పెట్టిన ఐడీఆర్‌బీటీకి బ్యాంకుల కోసం అలాంటి లైసెన్సు ఉంది. అటెస్ట్ చేసేచోటే తేడా వస్తే మాత్రం కష్టం. 2014లో మన ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐసీ అథారిటీ కింద గూగుల్ పేరుతో దొంగ సర్టిఫికెట్లు బయటికొచ్చాయి. వాటిని రద్దు చేయాల్సి వచ్చింది.

ఇదంతా అమెరికా ప్రభుత్వానికి మొదట్లో నచ్చలేదు. గట్టి తాళాలని ఆయుధాల లిస్టులో పెట్టి దేశం దాటనివ్వలేదు. 1991లో ఫిల్ జిమ్మర్‌మన్ మామూలు జనం వాడుకోడానికి పీజీపీ అనే ప్రోగ్రాం ఉచితంగా వదిలాడు. అది ఇంటర్నెట్ మీద దేశాలు దాటేసింది. ఆయన మీద మూడేళ్లు క్రిమినల్ విచారణ నడిచింది. 1995లో ఆ ప్రోగ్రాం మొత్తాన్ని ఎంఐటీ ప్రెస్ పుస్తకంగా అచ్చేసింది. ఫ్లాపీలో పంపితే నేరమట, పుస్తకమైతే ఎవరైనా ఎక్కడికైనా పట్టుకుపోవచ్చట! 1996 జనవరిలో కేసు లేకుండానే వదిలేశారు. అదే రోజుల్లో కంపెనీలు సర్టిఫికెట్లతో నడిచే ఎస్‌/మైమ్ తయారుచేసుకున్నాయి. మా ఔట్‌లుక్‌లో ఉన్నది అదే.

మరి ఇన్నేళ్లలో అందరికీ ఎందుకు చేరలేదు? కష్టం కాబట్టి. 1999లో ఆల్మా విటెన్, డగ్ టైగర్ అనే పరిశోధకులు 12 మందిని కూర్చోబెట్టి పీజీపీ ఇచ్చి, గంటన్నరలో సంతకం పెట్టి తాళం వేసి మెయిల్ పంపమన్నారు. మూడో వంతు మందే చేయగలిగారు. ముగ్గురైతే రహస్యాన్ని తాళం లేకుండానే పంపేశారు. ఇది చదివాక నా ఆదివారం గురించి సిగ్గు పోయింది.

మీ కంపెనీ పెట్టుకోమంటే ఇవి గుర్తుంచుకోండి. ముందు అవతలివాళ్లకి సంతకంతో ఒక మెయిల్ పంపాలి. దాంతోపాటే మీ పబ్లిక్ కీ వెళ్తుంది. వాళ్లూ అలాగే పంపాకే తాళం వేసి రాసుకోవడం కుదురుతుంది. సబ్జెక్ట్ లైనుకి మామూలుగా తాళం పడదు, పాస్‌పోర్టు నంబర్లు అక్కడ రాయకండి. సర్టిఫికెట్ మనకొక్కరికే ఉంటే చాలదు. మా స్టీల్ ఆయన ఇప్పటికీ పెట్టుకోలేదు, అందుకే బ్యాంకు మారిందని మెయిల్ వస్తే మేము పాత నంబరుకే ఫోన్ చేసి అడుగుతున్నాం.

ఇంకోటి. సర్టిఫికెట్ గడువు తీరి కొత్తది వచ్చినా పాత కీని పారేయొద్దు. మొదటి ల్యాప్‌టాప్ తిరిగి ఇచ్చేటప్పుడు నేను కీని కాపీ తీసుకోలేదు. ఆ ఏడాది తాళం వేసి వచ్చిన మెయిళ్లు ఇప్పటికీ నా ఇన్‌బాక్స్‌లోనే ఉన్నాయి. ఎవరు పంపారో, ఏ రోజు పంపారో కనపడుతుంది. లోపల ఏముందో మాత్రం నాకు కూడా తెరుచుకోదు.