ఓడ అడుగున గుల్ల

నెల్లూరు తీరమున మన పెద్దలెరిగిన తెప్ప, దుంగలను చేర్చి త్రాళ్లతో కట్టినది. వేట ముగియగానే కట్లు విప్పి దుంగలను ఇసుకమీద ఆరవేయుచుండెడివారు. నీరు పీల్చిన కొయ్య తేలికపడుటకే ఆ పని. అయినను దానివలన వేరొక మేలును కలుగుచుండెను. నాచునకుగాని గుల్లకుగాని ఆ దుంగలమీద నాటుకొనుటకు వ్యవధి చిక్కెడిది కాదు.

సదా నీటనుండు ఓడల కా భాగ్యము లేదు. గుల్ల పట్టిన ఓడ నడక మందగించును. యంత్రనౌకయైనచో ఇంధనము హెచ్చుగా కాలును. అందుచేత ఆంగ్ల నౌకాదళమువారు 1761లో ‘అలారం’ అను యుద్ధనౌక అడుగున రాగిరేకు తాపించిరి. రాగి గుల్లకు విషమే. కాని రాగి తాకినచోట ఇనుపమేకులను ఉప్పునీరు తినివేసెను. ఇరువదవ శతాబ్దమున తగరపు విషము కలిపిన రంగులు వచ్చెను. అవి ఓడలను కాపాడెనుగాని, ఫ్రాన్సు దేశపు ఆర్కషాన్ అఖాతమున ఆల్చిప్పల పెంపకమును చెరచెను. వానిని నిషేధించు అంతర్జాతీయ ఒప్పందము 2001లో కుదిరి, 2008లో అమలునకు వచ్చెను.

మరి విషము లేకుండ గుల్లను తొలగింపరాదా? అది పట్టుకొను తీరు తెలిసినచో మార్గము దొరకును. ఏ వస్తువునైనను సముద్రమున ముంచిన కొన్ని నిమిషములలోనే, నీటియందలి మాంసకృత్తులు మున్నగునవి దానిమీద కంటికి కానరాని పొరగా చేరును. కొన్ని గంటలకు సూక్ష్మజీవులు ఆ పొరపై కాపురము పెట్టును. నాచును గుల్లపిల్లలును పిమ్మట వచ్చును. పునాది ఎట్టిదో కట్టడమట్టిది.

అమెరికా శాస్త్రజ్ఞుడు రాబర్టు బేయరు 1970 ప్రాంతమున ఒక వింతను చూపెను. వస్తువు ఉపరితలమునకు గల ఆకర్షణ తగ్గినకొలది పట్టు సడలుచునే పోదు. ఒకానొక స్వల్పస్థాయిలో మిక్కిలి సడలి, అంతకంటె తగ్గినచో మరల బిగియును. అందుచేతనే టెఫ్లానుకంటె సిలికోను పూతనుండి గుల్ల సులువుగా ఊడును. నెత్తుటియందును ఇదే న్యాయము. దేహమున అమర్చిన ప్లాస్టికు గొట్టమునకు మొదట మాంసకృత్తులంటును. పిదప రక్తకణములు చేరి గడ్డకట్టును. ఓడను కాచు విద్యయే ప్రాణమును కాచు విద్యయు నైనది.

2004 సునామీ పిమ్మట మన తీరమున ఫైబరు పడవలు విస్తరించెను. ఫైబరు కొయ్యవలె నీరు పీల్చదు గనుక ఆరవేయ నక్కరలేదని తోచవచ్చును. కాని గుల్లకు ప్లాస్టికును ఇల్లే. ఏటిమొగలలో రోజులతరబడి కట్టియుంచిన పడవ అడుగును చూచినచో ఈ మాట తెలియును. ఒడ్డునకు లాగి ఎండనిచ్చుట మన తాతలు విడిచిపోయిన విషము లేని మందు.