మైనరు ఆస్తి: ఒక ప్రాచీన వ్యాజ్యము

పసివాని ఆస్తికి కావలియుంచిన పెద్దలే దానిని హరించిరని పిదప న్యాయస్థానమున వాదము జరుగుట ఏ దేశమునకును క్రొత్త కాదు. బాలుడు వ్యవహారయోగ్యుడగు వరకు వాని ధనమును గ్రామవృద్ధులు వృద్ధిచేయవలెనని కౌటిల్యుడు విధించెను. దానిని కాపాడు భారము రాజుదని మనుస్మృతి చెప్పుచున్నది. మన దేశమున 1890లో వెలువడిన గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టము ప్రకారము కోర్టు కోరినచో సంరక్షకుడు ఆస్తి పట్టికను, జమాఖర్చులను దాఖలు చేయవలెను. విధులు ఎన్ని యున్నను, లెక్క అడిగిన దినముననే తగవు బయలుదేరును. ఇరువదిమూడు శతాబ్దులకు పూర్వము గ్రీకు దేశమున నడచిన అట్టి తగవు ఒకటి మిక్కిలి వివరముగా మనకు దక్కినది.

ఏథెన్సు నగర వక్త డెమాస్తనీస్ పేరు శ్రోతలలో పలువురు వినియే యుందురు. మాసిడోనియా రాజగు ఫిలిప్పునకు ఎదురు నిలిచి ఉపన్యసించిన ప్రఖ్యాతుడాతడు. కాని యాతడు మొదట సభలో నోరు విప్పినది దేశము కొరకు కాదు, తన తండ్రి సొత్తు కొరకు.

తండ్రి పేరును డెమాస్తనీసే. ఆయనకు కత్తులు చేయించు కర్మశాల యొకటి, మంచములు చేయించు కర్మశాల యొకటి యుండెను. మొదటిదానిలో 32, 33 మంది బానిసలు పనిచేయగా ఏటికి 30 మీనాల నికరాదాయము వచ్చుచుండెను. రెండవదానిలోని 20 మంది వలన 12 మీనాలు వచ్చుచుండెను. ఇవిగాక వడ్డీకి తిరుగు సొమ్ము, ఓడవర్తకమునకిచ్చిన 70 మీనాల అప్పు, దంతము, ఇనుము, రాగి నిల్వలు, 30 మీనాల యిల్లు, నగలు. అంతయు కలిపి సుమారు 14 టాలెంట్లు. టాలెంటు అనగా 60 మీనాలు, మీనా అనగా 100 ద్రాక్మాలు. పనివాని దినకూలి ఆ కాలమున ఒకటి రెండు ద్రాక్మాలే.

క్రీ.పూ. 376 ప్రాంతమున ఆయన మరణించునాటికి కుమారునకు ఏడేండ్లు, కుమార్తెకు ఐదేండ్లు. మేనల్లుడగు ఆఫోబస్‌ను, అన్నదమ్ముల బిడ్డయగు డెమొఫోన్‌ను, బాల్యమిత్రుడగు థెరిప్పిడిస్‌ను ఆయన సంరక్షకులుగా నియమించెను. ఆఫోబస్ తన భార్య క్లియోబ్యూలేను 80 మీనాల కట్నముతో వివాహమాడవలెను. డెమొఫోన్ రెండు టాలెంట్లు వెంటనే తీసికొని బాలిక యెదిగిన పిదప ఆమెను చేపట్టవలెను. థెరిప్పిడిస్ బాలుడు పెద్దయగు వరకు 70 మీనాల ఫలమును అనుభవింపవచ్చును. ముందుగనే చేయి నింపినచో తక్కినదాని జోలికి పోరని కాబోలు ఆ తండ్రి తలంచినాడు! వారు చేయి నింపుకొనిరి గాని పెండ్లిండ్లు మాత్రము చేసికొనలేదు. బాలుని ఉపాధ్యాయులకు జీతములు సయితము చెల్లింపలేదట.

పదియేండ్ల పిదప వారు అప్పగించినది ఆ యిల్లు, 14 మంది బానిసలు, 30 మీనాల రొక్కము. అంతయు వెలకట్టినను 70 మీనాలే. మంచముల కర్మశాల ఆదాయము సరే, అందులోని బానిసలే కానరారైరి. మరణశాసనము చూపుమనిన చూపరు.

క్రీ.పూ. 364లో, ఇరువదియేండ్ల ప్రాయమున, డెమాస్తనీస్ ఆఫోబస్‌పై 10 టాలెంట్లకు దావా వేసెను. ఏథెన్సు చట్టమునందొక కఠిన నియమము కలదు. వాదికి అయిదవ వంతు వోట్లయిన రాకున్నచో, కోరిన మొత్తములో ఆరవ భాగము అతడే చెల్లించుకొనవలెను. అది 100 మీనాలు. చేతనున్న సర్వస్వమే 70. విచారణ కొలది దినములున్నదనగా థ్రాసిలోకస్ అనువాడు, యుద్ధనౌక నిర్వహణ వ్యయమును నీవు వహింపుము, లేదా నీ ఆస్తిని నా యాస్తితో మార్చుకొనుమని ముందుకు వచ్చెను. ఇదియు చట్టసమ్మతమే. మార్చుకొన్నచో దావా హక్కు కూడ వానికి పోవును, వాడు దానిని విడిచివేయును. యువకుడు ఇల్లు తాకట్టు పెట్టి 20 మీనాలు చెల్లించి తప్పించుకొనెను.

వాదమున అతడు కన్నీళ్లకన్న అంకెలనే యెక్కువ నమ్మినాడు. ప్రతివాదుల చేతి పనినే వారికెదురు సాక్ష్యముగా నిలిపినాడు. యుద్ధపు పన్ను పట్టీలో ఈ పసివానిని అత్యంత ధనికులు చెల్లించు రేటున చేర్చినది ఆ సంరక్షకులే. నౌకాసేనాని కోనన్ కుమారుడు చెల్లించు రేటు అది. దాని ప్రకారము ఆస్తి 15 టాలెంట్లు. అంత ఆస్తి లేకున్న అంత పన్నెందుకు కట్టిరి? ఉన్నచో అది యెక్కడ? మరియు మైనరు ఆస్తిని గుత్తకిచ్చుటకు ఏథెన్సులో చట్టమున్నది. ఆంటిడోరస్ అను బాలుని మూడున్నర టాలెంట్లు అట్లు గుత్తకిచ్చుట వలన ఆరేండ్లలో ఆరు టాలెంట్లకు మించినవి. తన సొత్తు మాత్రము తరుగుటేమి?

ఆఫోబస్ సమాధానము విచిత్రము. తండ్రి నాలుగు టాలెంట్లు భూమిలో పాతి తల్లి వశము చేసినాడట! ఆ దేశమున స్త్రీ న్యాయస్థానములో సాక్ష్యము చెప్పరాదు. క్లియోబ్యూలే బిడ్డలపై ప్రమాణము చేయుటకు సిద్ధముగా నున్నదని కుమారుడు చెప్పవలసివచ్చెను. న్యాయనిర్ణేతలు అతని పక్షమున తీర్పునిచ్చి కోరిన 10 టాలెంట్లును ఇప్పించిరి.

డిక్రీ వచ్చినది, డబ్బు రాలేదు. మన కోర్టుల వాకిట తిరిగిన వారికి దీని భావము విడమరచి చెప్పనక్కరలేదు. ఆఫోబస్ మెగారాకు తరలిపోయెను. అతని పొలమును స్వాధీనపరచుకొనబోగా బావమరిది ఒనెటార్ అడ్డు నిలిచెను. తన చెల్లెలికి ఆఫోబస్ విడాకులిచ్చెననియు, ఆమె కట్నమునకు ఆ భూమి తాకట్టు అనియు అతని వాదము. పొలమున ఒక టాలెంటుకు, ఇంటికి 2,000 ద్రాక్మాలకు తాకట్టు రాళ్లు నాటించి, తరువాత ఇంటి రాయి మాత్రము తానే పెరికించెను. కట్నము నిజమైనచో రాయి తీయుట యెందుకని డెమాస్తనీస్ ప్రశ్నించెను. విడాకులు నమోదైన పిదప కూడ ఆమె రోగశయ్య ప్రక్కన ఆఫోబస్ కూర్చుండియుండగా వైద్యుడు పాసిఫోన్ చూచెనని సాక్ష్యమిప్పించెను.

ఈ వ్యాజ్యమున మనకు మిగిలినవి వాది ప్రసంగములు మాత్రమే, ఆఫోబస్ మాటలు మనకు వాది నోటనే వినబడుచున్నవి. ఆ పిత్రార్జితములో స్వల్పభాగము కూడ డెమాస్తనీస్‌కు దక్కలేదని ప్లూటార్క్ వ్రాసెను. తరువాత అతడు ఇతరుల వ్యాజ్యములకు ప్రసంగములు వ్రాసియిచ్చి జీవనము సాగించెను.