రైటింగ్టన్‌లో నేర్చిన నడక

తుంటికీలు మార్పించుకొన్నవారు శస్త్రచికిత్స జరిగిన కొలది దినములకే తమలోని రెండు విధములైన నొప్పులను వేఱుచేసి చెప్పగలుగుట వైద్యులకు చిరపరిచితమైన విషయము. ఏండ్లతరబడి గజ్జలో మెలిపెట్టుచు, రాత్రివేళ ఒత్తిగిలి పండుకొననీయక, మెట్టెక్కబోయిన ప్రతిసారియు ఎముక ఎముకను ఒరసికొన్నట్లు తోచెడి ఆ పాతనొప్పి సాధారణముగా శస్త్రచికిత్సతోనే తొలగిపోవును. దాని స్థానమున కోసిన చర్మము, విడదీసిన కండరములు, వాచిన తొడ తమ బాధను వినిపింపసాగును. ఈ రెండవది మొదటి దినములలో మిక్కిలి తీవ్రమైనదే. కాని పాతది ఏటేట పెరిగినది, ఇది వారమువారమునకు తరిగెడిది. ఈ భేదమును రోగులకు అందించుటకు డెబ్బది సంవత్సరముల ప్రయోగములును, అనేక వైఫల్యములును, వందలకొలది రోగుల సహనమును వ్యయమైనవి. ఆ చరిత్రలో ముఖ్యభాగము ఇంగ్లండునందలి లాంకషైరులో, విగన్ పట్టణమునకు సమీపమున, ఒకప్పుడు క్షయరోగుల చికిత్సాలయముగా నుండిన రైటింగ్టన్ ఆసుపత్రిలో జరిగినది.

అంతకు పూర్వపు యత్నములు లేకపోలేదు. బెర్లినులో థెమిస్టోక్లీస్ గ్లుక్ అను శస్త్రవైద్యుడు 1890 ప్రాంతమున క్షయవలన చెడిన కీళ్ళకు మాఱుగా ఏనుగుదంతపు కీళ్ళను అమర్చెను. చీముపట్టుటచే అవి నిలువలేదు. బోస్టనులో స్మిత్ పీటర్సన్ 1923లో తొడయెముక తలపై గాజుచిప్పను బోర్లించి చూచెను. అది నడకబరువునకు పగులుటచే తరువాత లోహమును ఆశ్రయించెను. పారిసు నగరమున జూడే సోదరులు 1946లో అక్రిలిక్ తలను తొడయెముకకు అమర్చిరి. వీరందఱి రోగులును మొదట నెమ్మదించినవారే. బాధ తొలగిన ఆ మొదటి మాసములను చూచి వైద్యుడును రోగియు సంతసించుట సహజము. ఆ సంతోషము మూడవయేటను నిలిచియున్నదా యని వెదకి చూచినవారు మాత్రము అరుదు.

అట్లు చూచినవాడు రైటింగ్టన్ శస్త్రవైద్యుడు జాన్ చార్న్లీ. ఆయన 1911లో లాంకషైరునందలి బరీ పట్టణమున జన్మించెను. జూడే కీలు అమర్చబడిన రోగి యొకడు ఆయనవద్దకు వచ్చి, తాను వంగినప్పుడెల్ల తుంటి కిఱ్ఱుమనుచున్నదనియు, ఆ శబ్దమునకు తన భార్య గదిలో నిలువలేకున్నదనియు మొఱపెట్టుకొనెను. ఇతరులు చిన్నవిషయమని త్రోసిపుచ్చదగిన ఆ మొఱలో చార్న్లీ ఒక శాస్త్రప్రశ్నను గుర్తించెను: శబ్దమున్నచోట ఘర్షణ కలదు, ఘర్షణ కలచోట కీలు ఎముకనుండి వదులగును. కావున తలను చిన్నదిగా, ఏడెనిమిదవ వంతుల అంగుళము, అనగా సుమారు 22 మిల్లీమీటర్ల వ్యాసముగల లోహగోళముగా జేసి, దానికి నునుపైన టెఫ్లాన్ గిన్నెను జతచేసి, రెంటిని అక్రిలిక్ సిమెంటుతో ఎముకలో నెలకొల్పెను. ఆ సిమెంటు దంతవైద్యులు వాడుకొనెడి పదార్థమునకు చుట్టము. దాని విషయమున ఆయనకు సలహా నొసగినవాడు మాంచెస్టరు విశ్వవిద్యాలయపు దంతవైద్యశాలకు చెందిన డెనిస్ స్మిత్.

టెఫ్లాన్ గిన్నెలతో సుమారు 300 మంది నొప్పి మఱచి నడిచిరి. రెండుమూడేండ్లు గడచునంతలో వారొకరొకరుగా తిరిగివచ్చిరి. గిన్నెలు అఱిగి, ఆ అఱిగిన పొడి చుట్టునున్న కండను రేపి, ఎముకను తినివేయుచుండెను. చార్న్లీ టెఫ్లాన్ ముక్కలను తన తొడలోనే పెట్టించుకొని, దేహము దానిని ఎట్లు నిరసించునో పరిశీలించి, ఆ ఫలితమును 1963లో ప్రకటించెను. చెడిన కీళ్ళను తొలగించు భారమును తానే వహించెను. విజయమును ప్రకటించుటకంటె, నయమైనదని తాను పంపివేసిన మనిషిని మరల బల్లపై పరుండబెట్టి ఆ వైఫల్యమును చేతులార విప్పిచూచుట కష్టతరమైన కార్యమని నాకు తోచును. ఆయన కీర్తికి మూలము ఈ కాలమే యని నా నమ్మకము.

లాంకషైరు అన్నంతనే మన పెద్దలకు స్ఫురించునది మిల్లుబట్ట. మన చేనేతవారి మగ్గములను మూలబెట్టించిన ఆ ప్రాంతపు నేతయంత్రములలో పండ్లచక్రములకు వాడెడి గట్టి పాలిథిలీన్ ముక్కను 1962 మే మాసమున ఒక వర్తకుడు రైటింగ్టన్ ప్రయోగశాలకు దెచ్చెను. చార్న్లీ దానిని మెచ్చలేదు. కాని అచ్చటి యంత్రశిల్పి హారీ క్రావెన్, వైద్యుడు ఊరలేని సమయమున, దానిని అఱుగుదల పరీక్షించు యంత్రమునకు తగిలించి విడిచెను. టెఫ్లాన్ ఒక్క దినములో అఱిగినంత ఈ పదార్థము మూడువారములలోను అఱుగలేదు. ఆ సంవత్సరము నవంబరులో మొదటి పాలిథిలీన్ గిన్నె రోగి తుంటిలో చేరెను. చేదు ననుభవించిన చార్న్లీ తొందరపడక, రైటింగ్టన్‌కు వచ్చి పద్ధతిని నేర్చిన శస్త్రవైద్యులకు తప్ప తన కీళ్ళను విక్రయింపకుండ చాలకాలము కట్టడిచేసెను. శస్త్రచికిత్స గదిలోని గాలినే వడగట్టుట మొదలైన జాగ్రత్తలచే, నూటికి ఏడింటికి మించియుండిన చీముపట్టుటను నూటికొకటికంటె తక్కువకు దింపెను.

ఇక కోలుకొనుట యను కళ వేఱుగా పెరిగినది. చార్న్లీ పద్ధతిలో తొడయెముక పైకొసను కోసి, కీలు అమర్చిన పిదప తీగలతో మరల కట్టెడివారు. అది అతుకుకొనువఱకు కాలిని కాపాడవలసి యుండుటచే తొలినాటి రోగులు వారములకొలది మంచముపైననే గడపిరి. మంచము విశ్రాంతిస్థానమే కాక ప్రమాదస్థానము కూడ: కదలని కాలిలో గడ్డకట్టిన నెత్తురు ఊపిరితిత్తులకెగసి, చక్కగా కుదిరిన తుంటిగల రోగిని బలిగొనుట ఆనాటి శస్త్రవైద్యుల పెద్దభయము. మంచమున పడియుండుట ప్రమాదకరమని లండను వైద్యుడు రిచర్డ్ ఆషర్ 1947లోనే వ్రాసియుండెను. అయినను ఆ హితవు తుంటిరోగుల వార్డులకు మెల్లగా చేరినది. డెన్మార్కు దేశీయుడగు హెన్రిక్ కెలెట్ 1990ల నుండి బోధించిన త్వరితస్వాస్థ్య విధానములు వ్యాపించిన తరువాతనే, శస్త్రచికిత్స జరిగిన దినముననో మఱునాడో వాకరు పట్టించి నిలువబెట్టుట పలుచోట్ల ఆచారమైనది. నొప్పి పూర్తిగా తగ్గిన పిమ్మట నడవవలెనన్నది పాతభావము; నడువగలిగినంతగా నొప్పిని మందులతో అణచి, ఆ నడకచేతనే మిగిలిన నొప్పిని తగ్గించుకొనవలెనన్నది క్రొత్తభావము.

వాకరు విడిచిన తరువాత చేతికఱ్ఱ. దానిని నొప్పిగల కాలివైపున పట్టుకొనవలెనని అనేకులు తలంతురు, పట్టవలసినది రెండవచేత. కావడిబద్దను నడిమికి కాక ఒక కొనకు దగ్గఱగా భుజముపై నుంచినచో, ఆ కుఱుచకొన నెంత బలముగా అదిమిపట్టవలెనో, ఒంటికాలిపై నిలిచినపుడు తుంటిప్రక్కనున్న కండరములును శరీరభారము నిలుపుటకు అంత బలముగా లాగవలెను. అందుచే కీలుపై శరీరభారమునకు రెండున్నర మొదలు మూడింతల ఒత్తిడి పడును. ఎదుటిచేతి కఱ్ఱపై కొద్దిగా ఆనినను ఈ లాగుడు చాలవఱకు తగ్గును. అమెరికా వైద్యుడు వాల్టర్ బ్లౌంట్ 1956లో, కఱ్ఱను పాఱవేయవలదని తోడి శస్త్రవైద్యులకు ఒక ప్రసంగమంతయు వినియోగించి చెప్పెను. కోతనొప్పి వారములలో తగ్గినను ఆ కండరములు బలపడుటకు మాసములు పట్టును. కుంటు మిగిలియుండగా అభిమానమునకై కఱ్ఱను దాచుట మేలుకాదు.

నొప్పిని కొలుచుటకును ఒక చరిత్ర కలదు. ఫ్రాన్సులో మెర్ల్ డోబిన్యే, పోస్టెల్ అను వైద్యులు 1954లో నొప్పికి, కదలికకు, నడకకు ఒక్కొక్కదానికి ఆఱేసి గుణములనిచ్చిరి. చార్న్లీ దానినే కొంత మార్చి గ్రహించెను. బోస్టను వైద్యుడు విలియం హారిస్ 1969లో రచించిన కొలతలో నూటికి 44 గుణములు నొప్పికే చెందును. తక్కినవానిలో అధికభాగము ఎంతదూరము నడువగలరు, మేజోళ్ళు తొడుగుకొనగలరా, కుర్చీలో ఎంతసేపు కూర్చుందురు, బండి ఎక్కగలరా యను ప్రశ్నలకు. ఇవి ఆ దేశీయుల దినచర్యనుండి పుట్టిన ప్రశ్నలు. పీటవేసికొని భోజనమునకు కూర్చుండుట, నేలపై బాసింపట్టు వేయుట, గొంతుకూర్చుండుట వీనిలో లేవు. తెలుగునాట తుంటి మార్పించుకొన్న వృద్ధురాలికి మేజోళ్ళ యూసే ఉండదు. పూజకు నేలపై కూర్చుండవచ్చునా యన్నది ఆమె ప్రశ్న. కాలిని లంబకోణమునకు మించి మడుచుట, కాలిపై కాలు వేయుట, లోపలికి త్రిప్పుట వలన గోళము గిన్నెనుండి జాఱు ప్రమాదము కలదని, ముఖ్యముగా మొదటి వారములలో, వైద్యులు వీనిని నిషేధించెదరు. ఘర్షణ తగ్గుటకై చార్న్లీ ఎన్నుకొన్న చిన్నగోళమే సులభముగ జాఱునది కూడ. నేటి గోళములు పెద్దవగుటచే నియమములు కొంత సడలినవి. కాని ఎంత సడలింపవచ్చునో ఆ రోగికి శస్త్రము చేసినవారే నిర్ణయింపవలెను. మన రోగుల కోలుకొనుటను కొలుచునపుడు నేలను గూర్చి అడుగక గుణములు వేయుట అసంపూర్ణమైన పని యని నా దృఢాభిప్రాయము.

అందఱికిని బాధ తొలగదు. 2012లో ప్రచురితమైన ఒక సమీక్ష ప్రకారము, వేర్వేఱు అధ్యయనములలో నూటికి 7 మొదలు 23 మంది వఱకు, మాసములు గడచిన తరువాతను, చెప్పుకొనదగిన నొప్పితో నుండిరి. కీలు వదులగుట, లోలోపల చీముపట్టుట, స్నాయువు ఒరయుట, వెన్నునుండి జాఱిన బాధ తుంటిలో తోచుట, కారణములు పెక్కు. కొందఱిలో కారణమే దొరకదు. ఇట్టివారిని, ఎక్స్‌రే ఛాయాచిత్రము బాగున్నదని చెప్పి పంపివేయుట అన్యాయము. తన రోగుల విషయమున చార్న్లీ అట్లు చేయక, ఏండ్లతరబడి వారిని పిలిచి చూచెను, మరణానంతరము తమ కీళ్ళను పరిశోధనకు ఇమ్మని జీవించియుండగనే అడిగెను, అనేకులు అంగీకరించిరి. ఆ గిన్నెలు మిల్లీమీటరులో ఎన్నవవంతు అఱిగినవో కొలువగలుగుట ఆ దానముచే కలిగినది. ఆయన 1982లో మరణించిన పిదప కొన్నాళ్ళు, కీళ్ళచుట్టు ఎముక కరుగుటకు సిమెంటే దోషియని వైద్యలోకము నమ్మినది. పాలిథిలీన్ గిన్నెల సూక్ష్మధూళియే ముఖ్యకారణమని తరువాత తేలినది. అటుపిమ్మట అధికశక్తి కిరణములతో అణుబంధములను దృఢపఱచిన పాలిథిలీన్ 1990ల చివర వాడుకకు వచ్చినది; నేడు క్రొత్త తుంటితో మంచము దిగుచున్నవారిలో అనేకుల గిన్నె దానితో చేసినదే.