ఆగిన బండి, ఆరని బోర్డు

హోట్గి రోడ్డు మగ్గాల ఇళ్లలో పెరిగిన పిల్లలకు రెండు చప్పుళ్లు బాగా తెలుసు. ఒకటి మగ్గానిది, రెండోది రైలుది. ఆ రోడ్డుకు పేరిచ్చిన ఊరే ఒక జంక్షన్. జి.ఐ.పి. రైలు 1860లో సోలాపూర్ చేరింది. 1880లలో హోట్గి నుంచి బిజాపూర్ మీదుగా గదగ్ దాకా మీటర్ గేజి దారి పడింది. తెలంగాణ జిల్లాల నుంచి బతుకుదెరువు కోసం వచ్చిన నేతవారి బిడ్డలకు రైలంటే అందుకే అంత మక్కువ.

ఒక ఏడు మా బడి విజ్ఞాన ప్రదర్శనకు నేతవారి పిల్లవాడొకడు హోట్గి స్టేషన్ నమూనా చేసి తెచ్చాడు. పట్టాల మీద చిన్న విద్యుత్ రైలు, ప్లాట్‌ఫారం మీద అగ్గిపెట్టె అంత పేరు బోర్డు. పసుపు మీద నల్లని అక్షరాలు. మరాఠీ, హిందీ, ఇంగ్లీషుల కింద వాడు సొంతంగా తెలుగు వరుస కూడా చేర్చాడు. బోర్డు వెనక చిన్న దీపం పెట్టి, దాని తీగలు రెండూ పట్టాలకే కలిపాడు.

బండి కదిలితే బోర్డు వెలిగింది. స్టేషన్లో ఆగగానే ఆరిపోయింది. చూడవచ్చిన ఒక ముసలాయన, "బిడ్డా, బండి ఆగినప్పుడే గద ఊరి పేరు సదువుకునేది?" అన్నాడు. పిల్లవాడి ముఖం చిన్నబోయింది.

నిజానికి పెద్ద రైళ్లకూ ఒకప్పుడు ఇదే చిక్కు వచ్చింది. నూనె దీపాల కాలంలో ఈ బాధ లేదు. దీపం నూనె దీపానిదే, బండి బొగ్గు బండిదే. పెట్టెల్లో విద్యుత్ దీపాలు పెట్టాలనుకున్నప్పుడు, తిరిగే ఇరుసుకు డైనమో తగిలించి కరెంటు తీశారు. మరి బండి ఆగితే? ఇరుసు తిరగదు, డైనమో పని చేయదు. ఇంగ్లండులో జె. స్టోన్ కంపెనీ 1890లలో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతిలో డైనమోతోపాటు బ్యాటరీ కూడా ఉండేది. బండి నడుస్తున్నప్పుడు బ్యాటరీ నిండుతుంది, ఆగినప్పుడు దీపాలకు అదే ఆధారం.

ఇక మన చిన్న బండి సంగతి చూడండి. ఇటువంటి నమూనాల్లో పట్టాల మీది వోల్టులే బండి వేగాన్ని నిర్ణయిస్తాయి. పన్నెండు వోల్టులైతే పరుగు, సున్నా అయితే ఆగడం. వెనక్కి నడపాలంటే ప్లస్సును మైనస్సు చేస్తారు. ఎల్.ఇ.డి. దీపమేమో కరెంటును ఒక వైపే పోనిస్తుంది. కనుక బండి వెనక్కి నడిచినా బోర్డు ఆరిపోతుంది. పైగా మామూలు ఎల్.ఇ.డి. ఎదురు దిక్కున సుమారు 5 వోల్టులకు మించి ఓర్చుకోలేదు, పాడైపోవచ్చు.

అందుచేత బోర్డులకు వేరే దారి కావాలి. 12 వోల్టుల డి.సి. అడాప్టరు ఒకటి విడిగా తీసుకుని, నమూనా బల్ల అడుగున ఈ చివర నుంచి ఆ చివరికి రెండు తీగలు లాగండి, ఒకటి ఎర్రది, ఒకటి నల్లది. వీధి తీగల నుంచి ఇంటింటికీ కరెంటు తీసినట్లు, ఆ రెండింటి నుంచే ఒక్కో బోర్డుకు కనెక్షన్ ఇవ్వండి. ఒక దీపం పోయినా మిగతావి వెలుగుతాయి.

ప్రతి ఎల్.ఇ.డి.కీ విడిగా ఒక రెసిస్టరు తప్పదు. తెల్ల దీపం సుమారు 3 వోల్టులు తీసుకుంటుంది, మిగిలినవి 9. వెయ్యి ఓముల రెసిస్టరు పెడితే 9 మిల్లీ ఆంపియర్లు పారతాయి. చిన్న బోర్డుకు అది చాలు. పది బోర్డులకు 90 మిల్లీ ఆంపియర్లే గనుక 500 మిల్లీ ఆంపియర్ల అడాప్టరు ధారాళంగా సరిపోతుంది.

పూర్వం ఈ పనికి గోధుమ గింజంత ఫిలమెంటు బల్బులు వాడేవారు. అవి వేడెక్కేవి, అట్టతో చేసిన బోర్డుకు ప్రమాదం. 1962లో నిక్ హోలొన్యాక్ ఎర్రని ఎల్.ఇ.డి. చేసి చూపాడు. కానీ 1990లలో జపాన్‌లో ప్రకాశవంతమైన నీలి ఎల్.ఇ.డి. వచ్చాకే తెల్లని వెలుగు సాధ్యమైంది. దానికి పునాది వేసిన ముగ్గురికి 2014లో నోబెల్ బహుమతి దక్కింది. ఇప్పుడది బజారులో చిల్లర డబ్బులకే దొరుకుతుంది. సరదా ఉన్నవారు పుణేలో 1998లో భావు జోషి తెరిచిన చిన్న రైళ్ల మ్యూజియం చూడండి, ఊరు ఊరంతా బల్ల మీదే ఉంటుంది.

ఒక్క హెచ్చరిక. గణపతి మండపాల సీరియల్ బల్బుల దండ నుంచి దీపాలు తెంపి నమూనాలకు కలపవద్దు. ఆ దండలో గోడ ప్లగ్గు 230 వోల్టులను బల్బులన్నీ పంచుకుంటాయి. పంపకం చెడితే బల్బు మాడుతుంది, తీగ తాకిన పిల్లవాడి ప్రాణానికే ముప్పు.

మా పిల్లవాడు ఆ రాత్రి తీగలు మార్చుకొచ్చాడు. మర్నాడు ముసలాయన మళ్లీ వచ్చాడు. బండి ఆగింది, బోర్డు వెలుగుతూనే ఉంది. ఆయనకు చదవవచ్చిన లిపి తెలుగొక్కటే. కళ్లద్దాలు సవరించుకుని, నాలుగో వరుస మీద వేలుంచి, "హో...ట్గి" అని కూడబలుక్కుని చదివాడు.