సునామీ కెరటాలను కంప్యూటర్ ఎలా లెక్కిస్తుంది? తీరగ్రామాలు తెలుసుకోవలసిన విషయాలు

సునామీ అన్నది జపాను భాషాపదం. 'సు' అంటే రేవు, 'నామీ' అంటే కెరటం. సముద్రగర్భంలో సంభవించే భూకంపం వల్ల గాని, అగ్నిపర్వత విస్ఫోటనం వల్ల గాని, మట్టి పెళ్ళలు విరిగి జారిపడటం వల్ల గాని అపారమైన జలరాశి ఒక్కసారిగా కదిలినప్పుడు పుట్టే కెరటాల వరుసను ఈ పేరుతో పిలుస్తారు. ఈ కెరటాలు ఏ తీరానికి, ఎన్ని నిమిషాలలో, ఎంత ఎత్తున చేరగలవో నేడు కంప్యూటర్ నమూనాల సహాయంతో ముందుగానే లెక్కించగలుగుతున్నారు. ఆ లెక్క ఎలా జరుగుతుందో, దానిని ఎంతవరకు నమ్మవచ్చునో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఉప్పెన వేరు, సునామీ వేరు

1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తినది ఉప్పెన. తుపాను గాలి సముద్రపు ఉపరితలాన్ని ఒడ్డువైపు నెట్టడం వల్ల ఉప్పెన వస్తుంది. దానికి ముందు గాలి, వాన, మబ్బు కనిపిస్తాయి. తుపాను రాకను కొన్ని రోజుల ముందే పసిగట్టవచ్చు. సునామీకి అటువంటి సూచనలేవీ ఉండవు. ఆకాశం నిర్మలంగా ఉన్న ఉదయాన కూడా అది రావచ్చు. సునామీలో కదిలేది పైనీరు మాత్రమే కాదు, అడుగు నుండి ఉపరితలం వరకు గల నీరంతా కదులుతుంది. అందుచేత దానిని ఎదుర్కొనడానికి దొరికే వ్యవధి రోజులలో కాక గంటలలో, ఒక్కొక్కచోట నిమిషాలలో ఉంటుంది.

2004 డిసెంబరు 26

ఆనాటి ఉదయం భారత కాలమానం ప్రకారం సుమారు 6.29 గంటలకు సుమత్రా దీవి పశ్చిమ తీరానికి చేరువలో భూకంపం సంభవించింది. దాని తీవ్రత 9.1గా నిర్ధారించారు. సుమత్రా నుండి అండమాను దీవుల వరకు 1200 కిలోమీటర్లకు పైగా భూఫలకం చీలింది. సుమారు రెండున్నర గంటల తరువాత కెరటాలు మన తూర్పు తీరాన్ని తాకాయి. పద్నాలుగు దేశాలలో రెండు లక్షలకు పైగా ప్రజలు మరణించారు. మన దేశంలోనే పదివేల మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. తమిళనాడులోని నాగపట్టణం జిల్లా అందరికంటె ఎక్కువగా నష్టపోయింది.

ఆ రెండున్నర గంటలూ మనకు ఉపయోగపడలేదు. హిందూ మహాసముద్రానికి అప్పట్లో హెచ్చరిక వ్యవస్థ లేకపోవడమే అందుకు కారణం. కబురు అంది ఉంటే, నడిచి వెళ్ళినా తప్పించుకోగలిగినంత వ్యవధి ఉంది.

లోతును బట్టి వేగం

సునామీ కెరటం వేగం ప్రధానంగా సముద్రపు లోతుపై ఆధారపడుతుంది. లోతును గురుత్వ త్వరణంతో గుణించి వర్గమూలం తీస్తే వేగం తెలుస్తుంది. నాలుగు వేల మీటర్ల లోతున్నచోట అది గంటకు 700 కిలోమీటర్లకు పైగా ఉంటుంది. నూరు మీటర్ల లోతులో గంటకు సుమారు 113 కిలోమీటర్లకు, పది మీటర్ల లోతులో సుమారు 36 కిలోమీటర్లకు తగ్గిపోతుంది.

వేగం తగ్గేకొద్దీ ఎత్తు పెరుగుతుంది. కెరటం ముందుభాగం మెరక నీటిలోకి వచ్చి నెమ్మదిస్తుండగా వెనుకభాగం ఇంకా వేగంగా వస్తూ ఉంటుంది. అందువల్ల నీరు పోగుపడుతుంది. 2004లో భూకంపం జరిగిన రెండు గంటలకు బంగాళాఖాతం మీదుగా వెళ్ళిన జేసన్-1 ఉపగ్రహం నడిసముద్రంలో కెరటం ఎత్తును సుమారు 60 సెంటీమీటర్లుగా నమోదు చేసింది. అంత స్వల్పమైన ఎత్తు వందల కిలోమీటర్ల పొడవున పరచుకొని ఉండటం వల్ల నడిసముద్రంలో ఉన్న పడవలకు దాని ఉనికి తెలియదు. ఒడ్డుకు చేరేసరికి అదే కెరటం మనిషి ఎత్తును మించిపోతుంది.

సముద్రాన్ని మళ్ళుగా విభజించడం

కంప్యూటర్ నమూనాను అర్థం చేసుకోవడానికి వరిపొలం మంచి ఉదాహరణ. పొలాన్ని గట్లు వేసి మళ్ళుగా విభజించినట్లే, కంప్యూటర్‌లో సముద్రాన్ని చిన్నచిన్న గళ్ళుగా విభజిస్తారు. ప్రతి గడికీ అక్కడి లోతును నమోదు చేస్తారు. తరువాత రెండు నియమాలను ప్రయోగిస్తారు. మొదటిది: ఒక మడిలోకి వచ్చిన నీటిలో నుండి బయటకు పోయిన నీటిని తీసివేస్తే మిగిలినది ఆ మడిలో నీటిమట్టాన్ని పెంచుతుంది. రెండవది: నీటిమట్టం ఎక్కువగా ఉన్న మడి నుండి తక్కువగా ఉన్న మడివైపు నీరు నెట్టబడుతుంది. ఈ లెక్కను కొన్ని సెకన్లకు ఒకసారి చొప్పున, లక్షలాది గళ్ళకు, కెరటం తీరం చేరేవరకు మళ్ళీ మళ్ళీ చేస్తారు.

నడిసముద్రంలో ఒక్కొక్క గడి కొన్ని కిలోమీటర్ల వెడల్పు ఉన్నా సరిపోతుంది. తీరం దగ్గర మాత్రం పదుల మీటర్లకు కుదించాలి. లేకుంటే నదీ మొగలు, ఇసుక దిబ్బలు లెక్కలోకి రావు.

లెక్క ప్రారంభం కావాలంటే సముద్రపు అడుగు ఎంత పైకి లేచిందో, ఎంత కుంగిందో తెలియాలి. భూకంపం జరిగిన స్థలం, లోతు, తీవ్రత, పగులు వాలు తెలిస్తే, జపాను శాస్త్రవేత్త ఒకాడా 1985లో ప్రచురించిన సూత్రాల ద్వారా దానిని అంచనా వేస్తారు.

ముందుగానే సిద్ధం చేసిన లెక్కలు

భూకంపం వచ్చిన తరువాత లెక్క మొదలుపెడితే ఆలస్యమవుతుంది. కాబట్టి హైదరాబాదులో ఇన్‌కాయిస్ పేరుతో పనిచేస్తున్న భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రం మరొక మార్గాన్ని అనుసరించింది. 2007 అక్టోబరులో అక్కడ సునామీ ముందస్తు హెచ్చరిక కేంద్రం ప్రారంభమైంది. సునామీ పుట్టగల ప్రాంతాలు మనకు ప్రధానంగా రెండు: తూర్పున అండమాన్-సుమత్రా మండలం, పడమరన పాకిస్తాన్, ఇరాన్ తీరాల దగ్గరి మక్రాన్ మండలం. ఈ ప్రాంతాలను ముక్కలుగా విభజించి, ప్రతి ముక్కా కదిలితే ఏ తీరానికి ఎప్పుడు, ఎంత నీరు చేరుతుందో ముందుగానే లెక్కించి భద్రపరచారు. ఇందుకు జపానులోని తొహోకు విశ్వవిద్యాలయంలో రూపొందిన టునామీ-ఎన్2 నమూనాను ఉపయోగించారు.

భూకంపం రాగానే దానికి సరిపోలే లెక్కలను వెలికితీసి, సుమారు పది నిమిషాలలో తొలి ప్రకటన వెలువరించడం ఈ కేంద్రం పద్ధతి. తరువాత సముద్రపు అడుగున అమర్చిన పీడన మాపకాలు, రేవులలోని నీటిమట్ట మాపకాలు పంపే సమాచారంతో ఆ అంచనాను సరిచూస్తారు. పీడన మాపకాలు కిలోమీటర్ల లోతున ఉండి కూడా సెంటీమీటరు స్థాయి మార్పును గుర్తించగలవు.

నమూనాలు బోధించినవి

సునామీకి ముందు సముద్రం తప్పక వెనక్కి పోతుందని చాలామంది నమ్ముతారు. 2004 నాటి కెరటాలను నమూనాలో పరిశీలిస్తే వేరే సంగతి తెలుస్తుంది. పగులుకు తూర్పున ఉన్న థాయిలాండ్ తీరానికి ముందుగా కుంగిన నీరు చేరింది కనుక అక్కడ సముద్రం వెనక్కి పోయింది. పడమర వైపునకు ముందుగా లేచిన నీరు ప్రయాణించింది. కాబట్టి మన తూర్పు తీరంలో సముద్రం వెనక్కి పోయేదాకా వేచి చూడటం ప్రాణాంతకం కాగలదు.

శ్రీలంక చాటున ఉన్న కేరళ తీరంలో కూడా 2004లో ప్రాణనష్టం జరిగింది. కెరటాలు దీవిని చుట్టి వంగి వచ్చిన తీరును నమూనాలు స్పష్టం చేశాయి. అడ్డుగా భూమి ఉన్నంత మాత్రాన రక్షణ ఉన్నట్లు కాదు.

నమూనాను వెనక్కి నడిపి చరిత్రను కూడా తెలుసుకోవచ్చు. 1881 డిసెంబరు 31న కార్ నికోబార్ దగ్గర భూకంపం వచ్చినప్పుడు బంగాళాఖాతం చుట్టూ ఉన్న రేవులలో నీటిమట్టాలు నమోదయ్యాయి. ఓర్టిజ్, బిల్హమ్ అనే శాస్త్రవేత్తలు ఆ కొలతలతో సరిపోలే కెరటాలను కంప్యూటర్‌లో సృష్టించి, నాటి భూకంప తీవ్రత సుమారు 7.9 అని 2003లో ప్రకటించారు. మరుసటి ఏడాదే ఆ మండలం మరింత ఘోరంగా కదిలింది.

లెక్కకు గల పరిమితులు

తొలి నిమిషాలలో భూకంప తీవ్రత సరిగా తెలియకపోవచ్చు. 2004లో పసిఫిక్ హెచ్చరిక కేంద్రం తొలుత అంచనా వేసిన తీవ్రత 8.0 మాత్రమే. 8.0కి, 9.1కి మధ్య శక్తిలో నలభై రెట్లకు పైగా వ్యత్యాసం ఉంటుంది.

దీనికి భిన్నమైనది 2012 ఏప్రిల్ 11 నాటి అనుభవం. సుమత్రాకు పడమరన 8.6 తీవ్రతతో భూకంపం వచ్చింది. చెన్నైతో సహా అనేకచోట్ల జనం భయంతో వీధులలోకి వచ్చారు. కాని ఆనాడు ఫలకాలు ప్రధానంగా పక్కకు జరిగాయి, సముద్రపు అడుగు ఎక్కువగా పైకి లేవలేదు. అందువల్ల పెద్ద కెరటాలు రాలేదు. తొలి హెచ్చరికను తరువాత ఉపసంహరించుకొన్నంత మాత్రాన అది అబద్ధమని భావించరాదు. కొత్త కొలతలు అందినకొద్దీ లెక్క మారడం ఈ పద్ధతిలో సహజం.

మూడవ పరిమితి తీరానికి సంబంధించినది. గడిలో నమోదైన లోతు పాతదైతే ఫలితం మారుతుంది. ఇసుక దిబ్బను తవ్వివేసినా, మొగ చోటు మార్చుకొన్నా, కొత్త గోడ కట్టినా నీటి దారి మారుతుంది. ప్రకటనలోని ఎత్తు తీరంలోని ఒక విస్తృత భాగానికి వర్తించే అంచనా. మీ ఊరి వీధిలో నీరు ఎంతదూరం వస్తుందో ఆ ఒక్క అంకె చెప్పలేదు.

హెచ్చరికల అర్థం

కెరటం ఎత్తు రెండు మీటర్లకు మించుతుందని అంచనా ఉంటే ఎర్ర రంగు హెచ్చరిక ఇస్తారు. లోతట్టు ప్రాంతాల ప్రజలందరూ వెంటనే లోపలికి, మెరకకు తరలిపోవాలి. అర మీటరు నుండి రెండు మీటర్ల వరకు నారింజ రంగు. సముద్రపు ఒడ్డును, తక్కువ ఎత్తు ప్రదేశాలను విడిచి పోవాలి. అంతకు తక్కువైతే పసుపు రంగు. తదుపరి ప్రకటన కోసం అప్రమత్తంగా ఉండాలి. ప్రమాదం లేకుంటే ఆకుపచ్చ.

సరిహద్దు తీరాల వారికి

హైదరాబాదు కేంద్రం లెక్క ఒక్కటే అయినా, అది ప్రజలకు చేరేది ఆయా రాష్ట్ర, జిల్లా అధికారుల ద్వారా. ఇచ్ఛాపురానికి ఇవతల తెలుగులో వినిపించే కబురు, అవతల గంజాం తీరంలోని తెలుగు మత్స్యకారులకు ఒడియాలో వినిపించవచ్చు. పులికాట్ సరస్సుకు దక్షిణాన అదే తమిళంలో రావచ్చు. మాట మారినా రంగు మారదు. కనుక ఇంటిల్లిపాదీ ఆ నాలుగు రంగులను గుర్తుంచుకోవడం మేలు.

ఒడిశాలో గంజాం జిల్లాకు చెందిన వెంకట్రాయిపూర్, జగత్సింగ్‌పూర్ జిల్లాకు చెందిన నోళియాసాహి గ్రామాలు 2020లో యునెస్కో నుండి 'సునామీకి సిద్ధమైన గ్రామం' గుర్తింపు పొందాయి. హిందూ మహాసముద్ర ప్రాంతంలో ఈ గౌరవం పొందిన మొదటి గ్రామాలు ఇవే. 2024లో ఒడిశాలో 24 గ్రామాలకు ఇటువంటి గుర్తింపు లభించింది. ముంపు పటం, తరలింపు దారి పటం, దారి చూపే పలకలు, విన్యాసాలు ఈ గుర్తింపునకు అవసరమైనవి. ముంపు పటాలకు ఆధారం పైన చెప్పిన నమూనాలే.

గౌతమి ఒడ్డున ఉన్న యానాం వంటి ఊళ్ళు సముద్రానికి కొంత లోపలగా ఉన్నా, సునామీ నీరు నదీ మొగల గుండా ఎగువకు ప్రయాణించగలదని గుర్తించాలి. వేటలో ఉన్న పడవలు హెచ్చరిక వింటే ఒడ్డుకు తిరిగి రాకుండా లోతు నీటిలోనే ఉండటం క్షేమం. మొదటి కెరటం తగ్గగానే ఇళ్ళకు పోరాదు. వెనుక వచ్చేవి అంతకంటె పెద్దవి కావచ్చు, అలజడి చాలా గంటలు కొనసాగుతుంది. అధికారులు ప్రమాదం తొలగినదని ప్రకటించిన తరువాతనే తిరిగి రావాలి.

కంప్యూటర్ కెరటాన్ని ఆపలేదు. భూకంపానికీ కెరటానికీ మధ్య ఉన్న వ్యవధిని మన చేతికి అందిస్తుంది. మన తూర్పు తీరానికి అండమాన్-సుమత్రా నుండి ఆ వ్యవధి సుమారు రెండు గంటలు. మెరక ఎక్కడ ఉన్నదో, ఏ దారిన పోవాలో, వృద్ధులను, పసివారిని ఎవరు తీసుకొని పోవాలో ముందే నిర్ణయించుకొన్న కుటుంబానికి ఆ రెండు గంటలు చాలు.