నిర్ణయించే స్థానం కోసం: ఆసియాలో వికలాంగుల సంఘాలు, దేశాల సహకారం

వికలాంగుల సంక్షేమం కోసం దేశాలు ఒకదానికొకటి చేయూతనివ్వడం 19వ శతాబ్దం నుంచీ ఉన్నదే. కానీ ఆ చేయూత ఏ దారిన సాగాలో నిర్ణయించే స్థానంలో వికలాంగులే కూర్చోవాలన్న సూత్రం అంతర్జాతీయ వేదికల మీద నిలదొక్కుకోవడానికి దాదాపు నూరేళ్లు పట్టింది. ఈ ఆలస్యానికి ధనం లేకపోవడం కారణం కాదు, దయ లేకపోవడమూ కారణం కాదు. వైద్యులు, ఉపాధ్యాయులు, మతసంస్థలు, ప్రభుత్వాధికారులు వైకల్యాన్ని తమ వృత్తిజ్ఞానంతో సరిదిద్దవలసిన లోపంగా ఎంచినంత కాలం, ఆ వైకల్యంతో బతుకుతున్న మనిషి అనుభవం వారికి సమాచారంగా పనికివచ్చిందే తప్ప అధికారంగా తోచలేదు. 1880లో మిలాన్ నగరంలో బధిరుల విద్య మీద జరిగిన అంతర్జాతీయ మహాసభ సంజ్ఞాభాషను పక్కనపెట్టి నోటిమాట పద్ధతినే పాఠశాలల్లో అనుసరించాలని తీర్మానించింది. ఓటు వేసిన ప్రతినిధుల్లో బధిరులు దాదాపు లేనే లేరు. 1900లో పారిస్‌లో జరిగిన మహాసభలో బధిరులకూ వినికిడి ఉన్నవారికీ వేర్వేరు విభాగాలు ఏర్పాటు చేయడంతో, మిలాన్ తీర్మానాన్ని మార్చాలని బధిరులు ఎంత గట్టిగా కోరినా వారి ఓట్లకు విలువ లేకపోయింది. ఆ రెండు సభల ఫలితాన్ని తరాల తరబడి అనుభవించినవారు ఆ సభల్లో మాట చెల్లనివారే.

20వ శతాబ్దంలోనూ ఈ చీలిక కొనసాగింది. 1922లో మొదలై తరువాత రిహాబిలిటేషన్ ఇంటర్నేషనల్ అన్న పేరుతో విస్తరించిన సంస్థ పునరావాస నిపుణుల సంస్థ. పునరావాసం అంటే చికిత్స, శిక్షణ, పరికరాల సాయంతో వికలాంగుణ్ణి వీలైనంత మేరకు సాధారణ జీవనానికి సిద్ధపరచడం. అంధుల విషయంలో సేవాసంస్థల ప్రపంచ మండలి ఒకటి అప్పటికే ఉండగా, 1964లో జేకబస్ టెన్‌బ్రోక్ అనే అంధ న్యాయశాస్త్ర పండితుని చొరవతో అంధులే నడుపుకునే అంతర్జాతీయ సమాఖ్య వేరుగా పుట్టింది. ఈ రెండూ ఒకటై ప్రపంచ అంధుల సంఘంగా మారడానికి 1984 దాకా ఆగవలసి వచ్చింది. బధిరులు 1951లోనే రోమ్‌లో తమ ప్రపంచ సమాఖ్యను నిర్మించుకున్నారు. అయితే ఇవన్నీ ఒక్కొక్క వైకల్యానికి ఒక్కొక్క సంస్థ అన్న పద్ధతిలో ఏర్పడినవి. అందరినీ ఒకే రాజకీయ వర్గంగా చూడగలిగిన సంస్థ ఇంకా రాలేదు.

ఆ మలుపు 1980 జూన్‌లో కెనడాలోని విన్నిపెగ్ నగరంలో వచ్చింది. అక్కడ జరిగిన రిహాబిలిటేషన్ ఇంటర్నేషనల్ ప్రపంచ మహాసభకు వేల మంది నిపుణులతో పాటు రెండు వందలకు పైగా వికలాంగులు కూడా హాజరయ్యారు. సంస్థ నిర్ణాయక సభలో ప్రతి దేశం పంపే ప్రతినిధుల్లో సగం మంది వికలాంగులై ఉండాలని స్వీడన్ పక్షం ప్రతిపాదించగా, సభ దానిని తిరస్కరించింది. ఆ ప్రతిపాదన అడిగినది నిజానికి చాలా తక్కువ: అధ్యక్షపదవి కాదు, నిధుల మీద పెత్తనం కాదు, సగం స్థానాలు మాత్రమే. ఆ మాత్రానికీ అంగీకరించని సభలో ఇక చర్చించవలసిందేమీ లేదని గ్రహించిన వికలాంగ ప్రతినిధులు, అప్పటికే రాష్ట్రాల వారీగా సంఘటితమై ఉన్న కెనడా వికలాంగుల కూటమి ఇచ్చిన అండతో విడిగా సమావేశమై, తమ సొంత ప్రపంచ సంస్థను స్థాపించుకుంటామని ప్రకటించారు. స్వీడన్‌కు చెందిన అంధ నాయకుడు బెంగ్ట్ లిండ్‌క్విస్ట్, కెనడాకు చెందిన హెన్రీ ఎన్స్ ఈ ప్రయత్నంలో ముందు నిలిచారు. మరుసటి ఏడాది, ఐక్యరాజ్యసమితి ప్రకటించిన 1981 అంతర్జాతీయ వికలాంగుల సంవత్సరం ముగింపునకు వస్తున్న వేళ, సింగపూర్‌లో యాభైకి పైగా దేశాల ప్రతినిధులు సమావేశమై డిసేబుల్డ్ పీపుల్స్ ఇంటర్నేషనల్ అనే సంస్థకు రూపమిచ్చి, సింగపూర్‌కే చెందిన అంధుడు రాన్ చంద్రన్ డడ్లీని మొదటి అధ్యక్షునిగా ఎన్నుకున్నారు. వైకల్యం ఏదైనా సభ్యత్వానికి అడ్డు కాకపోవడం, సభ్యసంస్థల్లో అధికారం వికలాంగులదే కావడం ఈ సంస్థకు పునాది నియమాలయ్యాయి. విన్నిపెగ్‌లో సగం ఇవ్వడానికి నిరాకరించిన ఫలితంగా సింగపూర్‌లో సగానికి మించిన భాగం నియమంగా మారిందన్నమాట.

ఇటువంటి సంస్థలకు వాడే ఒక పదాన్ని ఇక్కడ వివరించడం అవసరం. తెలుగు పల్లెల్లో స్వయం సహాయక సంఘం అనగానే పది పదిహేను మంది మహిళలు నెలనెలా పొదుపు చేసి బ్యాంకు అప్పు పొందే బృందమే స్ఫురిస్తుంది. వైకల్య ఉద్యమ సాహిత్యంలో మాత్రం ఆ మాటకు వికలాంగులు తమ సమస్యలను తామే నిర్వచించుకుని, తమ నాయకులను తామే ఎన్నుకుని, పాలకులతో తామే మాట్లాడే సంస్థ అని అర్థం. పొదుపు అందులో ఉండవచ్చు, ఉండకపోవచ్చు. 1972లో అమెరికాలోని బర్కిలీలో పోలియోతో మెడ కింది భాగం చచ్చుబడిన ఎడ్ రాబర్ట్స్, ఆయన సహచరులు కలిసి నెలకొల్పిన స్వతంత్ర జీవన కేంద్రం ఇటువంటి సంస్థలకు మేలైన నమూనా. స్వతంత్ర జీవనం అంటే ఎవరి సాయమూ లేకుండా బతకడం కాదు. స్నానం, భోజనం, ప్రయాణం వంటి పనులకు సహాయకుడు అవసరమైనప్పుడు ఆ సహాయకుణ్ణి ఎంచుకునే, అతనికి పని చెప్పే అధికారం వికలాంగునిదే కావడం. ఈ కేంద్రాల్లో అనుభవజ్ఞుడైన వికలాంగుడు కొత్తగా వచ్చిన వికలాంగునికి సాటివాడిగా దారి చూపే పద్ధతిని పీర్ కౌన్సెలింగ్ అంటారు. 1974లో ఆరెగాన్ రాష్ట్రంలో మేధో వైకల్యం గలవారు పీపుల్ ఫస్ట్ పేరిట తమ సొంత సంఘాన్ని ఏర్పరచుకోవడంతో, ఎవరి తరఫున ఇతరులు మాట్లాడక తప్పదని లోకం నమ్మిందో వారే మాట్లాడసాగారు.

ఈ ఆలోచన ఆసియాకు చేరిన తీరు గమనించదగినది. జపాన్‌లో సెరిబ్రల్ పాల్సీ, అనగా మెదడు దెబ్బతినడం వల్ల కండరాలు అదుపు తప్పే స్థితి గలవారు 1957లోనే అవోయిషిబా నో కై అనే సంఘాన్ని పెట్టుకుని, 1970లలో ఆశ్రమ నిర్బంధానికీ బస్సుల్లో ఎక్కనివ్వకపోవడానికీ వ్యతిరేకంగా తీవ్రంగా పోరాడారు. ఆ నేల మీదకే అమెరికా అనుభవం కూడా వచ్చి చేరి, 1986లో తోక్యో శివారులోని హచియోజిలో నకానిషి షోజి తదితరుల చేతుల మీదుగా జపాన్ తొలి స్వతంత్ర జీవన కేంద్రం వెలసింది. 1999 నుంచి డస్కిన్ సంస్థకు అనుబంధమైన ఐనోవా ఫౌండేషన్ ఆసియా, పసిఫిక్ దేశాల వికలాంగ యువతను జపాన్‌కు పిలిపించి, ఇటువంటి సంఘాల మధ్యనే ఉంచి నాయకత్వ శిక్షణ ఇస్తూ వచ్చింది. పాకిస్తాన్‌లోని లాహోరు నుంచి అలా వెళ్లి వచ్చిన షఫీకుర్ రెహ్మాన్ స్వదేశంలో స్వతంత్ర జీవన ఉద్యమానికి ఆద్యుడయ్యాడు. ఒక నిపుణుణ్ణి నెల రోజుల పాటు పేద దేశానికి పంపి నివేదిక రాయించడం కన్నా, ఒక వికలాంగ యువకుణ్ణి సాటివారి సంఘంలో నెలల తరబడి మెలగనిచ్చి తిరిగి పంపడం ఎక్కువ ఫలించిందని ఈ అనుభవం బలంగా చెబుతుంది.

ప్రభుత్వాల స్థాయిలో ఆసియా తనదైన మార్గాన్ని ఎంచుకోవడానికి ప్రేరణ అసంతృప్తే. ఐక్యరాజ్యసమితి 1983 నుంచి 1992 వరకు జరిపిన వికలాంగుల దశాబ్దం ముగిసేసరికి పేద దేశాల్లో మార్పు కొద్దిగానే కనిపించింది. బ్యాంకాక్ కేంద్రంగా పనిచేసే ఐక్యరాజ్యసమితి ఆసియా పసిఫిక్ ఆర్థిక సామాజిక సంఘం, క్లుప్తంగా ఎస్కాప్, 1992 ఏప్రిల్‌లో బీజింగ్ సమావేశంలో 1993 నుంచి 2002 వరకు ఈ ప్రాంతానికి ప్రత్యేక దశాబ్దాన్ని ప్రకటించింది. ప్రపంచంలో ఏ ప్రాంతమూ అంతకుముందు ఇటువంటి పని చేయలేదు. ఆతిథ్యమిచ్చిన చైనాలో వికలాంగుల సమాఖ్యకు అప్పటి నాయకుడు, సాంస్కృతిక విప్లవ కాలపు హింసలో మేడ మీది నుంచి పడి నడుము కింది భాగం చచ్చుబడిన దెంగ్ పుఫాంగ్. అదే ఏడాది డిసెంబరులో బీజింగ్‌లోనే వెలువడిన సంపూర్ణ భాగస్వామ్య, సమానత్వ ప్రకటనను భారతదేశం ఆమోదించింది. మన 1995 వికలాంగుల చట్టం తన పీఠికలోనే ఆ ప్రకటనను అమలుపరచడం కోసమని చెప్పుకున్నది. విద్యలో, ఉద్యోగాల్లో కోటా అడుగుతూ తెలుగు జిల్లాల్లో వికలాంగులు ఆ తరువాత ఎత్తిచూపిన చట్టానికి మూలం ఆ విధంగా ఒక ప్రాంతీయ ఒప్పందంలో ఉన్నది.

ఆ దశాబ్దపు కార్యక్రమ పత్రంలో పన్నెండు అంశాలుండగా, వికలాంగుల సొంత సంస్థలన్న అంశం జాబితా చివరి భాగంలో వచ్చింది. పదేళ్ల తరువాత, 2002 అక్టోబరులో, జపాన్‌లోని బివా సరస్సు ఒడ్డున ఉన్న ఓత్సు పట్టణంలో రెండవ దశాబ్దానికి రూపొందించిన బివాకో సహస్రాబ్ది ప్రణాళికలో ఏడు ప్రాధాన్యాలుండగా, అదే అంశం మొదటి స్థానానికి వచ్చింది. వికలాంగ మహిళలది రెండవ స్థానం. ఈ మార్పు కాగితం మీది క్రమం మాత్రమే కాదు. ప్రభుత్వాలు, ఆర్థిక సహాయ సంస్థలు ఈ సంఘాలకు నిధులు కేటాయించే విధానాలను 2004 నాటికి రూపొందించాలనీ, 2005 నాటికి నిర్ణయ ప్రక్రియల్లో వాటికి పూర్తి చోటు కల్పించాలనీ ఆ పత్రం గడువులు పెట్టింది. గడువులు అన్ని చోట్లా నెరవేరలేదు. అయినా దాత దేశాన్ని ప్రశ్నించడానికి ఒక తేదీ దొరికింది, అది చిన్న సంగతి కాదు.

అదే 2002లో థాయిలాండ్ ప్రభుత్వమూ జపాన్ సహకార సంస్థ జైకా కలిసి బ్యాంకాక్‌లో ఆసియా పసిఫిక్ వైకల్య అభివృద్ధి కేంద్రం పనిని ప్రారంభించాయి. వికలాంగుల సాధికారత, అంటే తమ జీవితాన్ని గురించిన నిర్ణయాలను తాము తీసుకోగల శక్తి, హక్కు సమకూరడం, ఈ కేంద్రం ధ్యేయం. భవనాలు, బండ్లు ఇవ్వడం దీని పని కాదు. వివిధ దేశాల సంఘాల నాయకులను పిలిచి సంఘ నిర్వహణ, అడ్డంకులు లేని కట్టడాలు, సమాచార పరిజ్ఞానం, స్వతంత్ర జీవనం వంటి విషయాల్లో శిక్షణ ఇచ్చి, ఆ శిక్షణ ఇచ్చేవారు కూడా వీలైనంత వరకు వికలాంగులే అయ్యేట్టు చూడడం దీని పద్ధతి. థాయిలాండ్‌లో కొన్ని ప్రావిన్సుల్లో ప్రయోగాత్మకంగా నడిచిన స్వతంత్ర జీవన కార్యక్రమాలు, 2007లో వచ్చిన థాయ్ సాధికారత చట్టంలో వ్యక్తిగత సహాయకుల సేవకు చోటు దక్కడానికి నేల దున్నాయి. ధనం జపాన్‌ది, చోటు థాయిలాండ్‌ది, పాఠం వికలాంగులది.

వికలాంగుల సంఘాల దారీ, ప్రభుత్వాల దారీ 2006 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడికలో కలిశాయి. ముసాయిదా రచనలో వికలాంగుల సంస్థల ప్రతినిధులు ప్రభుత్వాల సరసన కూర్చోవడం అటువంటి ఒడంబడికల చరిత్రలో అంతవరకు అంత విస్తృతంగా జరగలేదు. భారతదేశం 2007 అక్టోబరు 1న దానిని ధ్రువీకరించింది. అందులోని 32వ అధికరణం దేశాల మధ్య సహకారాన్ని దాతృత్వం స్థాయి నుంచి బాధ్యత స్థాయికి ఎత్తి, ఆ సహకారంలో వికలాంగుల సంస్థలను భాగస్వాములుగా పేర్కొన్నది. ఒడంబడికను పర్యవేక్షించే సంఘం 2018లో ఇచ్చిన ఏడవ సాధారణ వ్యాఖ్యలో, వికలాంగుల సంస్థ అనిపించుకోవాలంటే దాని నాయకత్వమూ సభ్యుల్లో స్పష్టమైన అధిక సంఖ్యా వికలాంగులదే కావాలని తేల్చిచెప్పింది.

తెలుగు నేల మీద ఈ సహకారం పొదుపు సంఘం రూపంలో వచ్చింది. 1985లో బ్రిటన్‌లో ఏర్పడిన యాక్షన్ ఆన్ డిసెబిలిటీ అండ్ డెవలప్‌మెంట్ వంటి సంస్థల ప్రేరణతో దక్షిణ భారత గ్రామాల్లో వికలాంగుల సంఘాలు 2000కు ముందే మొలకెత్తాయి. 2000లో ప్రపంచ బ్యాంకు రుణంతో శ్రీకాకుళం, విజయనగరం, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్, చిత్తూరు, అనంతపురం జిల్లాల్లో మొదలై, వెలుగు పేరుతో ప్రసిద్ధమై, తరువాత ఇందిరా క్రాంతి పథంగా పేరు మార్చుకున్న పేదరిక నిర్మూలన కార్యక్రమం ఆ పనిని ప్రభుత్వ యంత్రాంగంలోకి తెచ్చింది. మహిళా సంఘాలు ఎంత విస్తరించినా, పొదుపు కట్టలేకపోతుందనో అప్పు తీర్చలేకపోతుందనో అనుమానంతో వికలాంగ మహిళను చేర్చుకోవడానికి వెనుకాడిన చోట్ల విడి సంఘం తప్పనిసరి అయింది. ఒక్క ఊరిలో ఒకే రకమైన వైకల్యం గలవారు సంఘానికి చాలినంత మంది ఉండరు గనుక, చూపు లేనివారు, వినికిడి లేనివారు, పోలియో సోకినవారు, మేధో వైకల్యం గల పిల్లల తల్లిదండ్రులు ఒకే సంఘంలో కూర్చున్నారు. సింగపూర్‌లో సిద్ధాంతంగా ఆమోదించిన ఐక్యత తెలుగు పల్లెలో జనసంఖ్య వల్లనే ఆచరణలోకి వచ్చింది. గ్రామ సంఘాలు కలిసి మండల వికలాంగుల సమాఖ్యలుగా ఏర్పడ్డాయి. మండల కార్యాలయం మెట్లెక్కలేని మనిషి తన సమాఖ్య పేరు చెప్పి అధికారిని కిందికి రప్పించగలగడం ఈ నిర్మాణం ఇచ్చిన బలం.

ఈ సంఘాల బలహీనత కూడా వాటి పుట్టుకలోనే ఉన్నది. పథకం ఏర్పరచిన సంఘానికి పథకమే ఎజెండా అవుతుంది. వైకల్య శాతాన్ని లెక్కకట్టే ధ్రువపత్రం, జనం నోట సదరం సర్టిఫికెట్, దాని వెంట వచ్చే పింఛను, బస్సు పాసు, ఈ మూడింటి చుట్టూ సమావేశాలు తిరిగినంత కాలం ఆ పనులు అవసరమైనవే అయినా, సంఘం ప్రభుత్వానికి చివరి గుమాస్తాగా మిగిలిపోయే ప్రమాదం ఉంటుంది. రుణం గడువు తీరి సిబ్బంది వెళ్లిపోయాక సభ్యులను కూర్చోబెట్టగల నాయకత్వం ఊళ్లోనే తయారైన చోట సంఘం నిలుస్తుంది, కాని చోట రిజిస్టరు మిగులుతుంది. పైగా సమావేశానికి సంజ్ఞాభాష తెలిసినవారు లేకపోతే బధిర సభ్యుడు హాజరు పట్టీలో సంతకం మాత్రమే అవుతాడు. మేధో వైకల్యం గల యువతి తరఫున తల్లి మాట్లాడుతుంది. మానసిక రుగ్మతతో బాధపడేవారిని పిలవడమే మరచిపోతారు. వీరికి చోటివ్వాలంటే దుభాషికి, సులభమైన మాటల్లో రాసిన కాగితాలకు, తోడువచ్చే సహాయకునికి సంఘం ఖాతాలోనే డబ్బు ఉండాలి. దాతలు శిక్షణకూ పరికరాలకూ ఇచ్చినంత తేలికగా ఈ ఖర్చుకు ఇవ్వరు. మండల సమాఖ్యలు ఇప్పటికైనా తమ బడ్జెట్లలో మొట్టమొదట అడగవలసిన పద్దు ఇదే.