చలానా అందిన వాహనదారునకు గల మార్గాలు: ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాలకు ఉపయుక్త సమాచారం

ఆదోని: కర్నూలు జిల్లా పశ్చిమ భాగంలోని ఆదోని, ఎమ్మిగనూరు పట్టణాలలో వాహనాల రాకపోకలు నిత్యం అధికం. పత్తి, వేరుశనగ దిగుబడులతో ఆదోని మార్కెట్ యార్డుకు చేరే ట్రాక్టర్లు, లారీలు, చేనేతకు పేరుగాంచిన ఎమ్మిగనూరుకు పరిసర గ్రామాల నుంచి వచ్చే ఆటోలు, ద్విచక్ర వాహనాలు, మంత్రాలయం యాత్రికుల వాహనాలు ఒకే రహదారులను వినియోగించుకుంటాయి. హెల్మెట్ ధరించనందుకు మోటారు వాహనాల చట్టం నిర్దేశించిన రూ.1,000 జరిమానా దినసరి కూలికి చిన్న మొత్తం కాదు. చలానా అందగానే భయంతో చెల్లించడం, లేదా పట్టించుకోకుండా వదిలివేయడం అనే రెండు మార్గాలే ఉన్నాయని పలువురు భావిస్తారు. చట్టం ఇంతకంటే ఎక్కువ అవకాశాలనే కల్పించింది.

చలానా అంటే తీర్పు కాదు

చలానా అనేది ఉల్లంఘన జరిగిందని తనిఖీ అధికారి నమోదు చేసిన ఆరోపణ మాత్రమే. దానిని అంగీకరించి రుసుము చెల్లించవచ్చు; పొరపాటును ఆధారాలతో అధికారుల దృష్టికి తీసుకువెళ్లవచ్చు; న్యాయస్థానంలో వాదన వినిపించవచ్చు. వీటిలో ఏ మార్గమన్నది చెల్లింపునకు ముందే నిర్ణయించుకోవాలి. రుసుము చెల్లించిన పిమ్మట అదే ఉల్లంఘనపై వివాదానికి సాధారణంగా తావుండదు.

మొదటి మార్గం: రుసుము చెల్లింపు

1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 200వ సెక్షన్ ప్రకారం కొన్ని నేరాలను న్యాయస్థానానికి వెళ్లకుండానే కాంపౌండింగ్ రుసుముతో పరిష్కరించుకోవచ్చు. ఈ రుసుమును రాష్ట్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ద్వారా నిర్ణయిస్తుంది. చెల్లింపుతో ఆ నేరంపై తదుపరి చర్యలు నిలిచిపోతాయి.

అయితే 2019 సెప్టెంబరు 1 నుంచి అమలులోకి వచ్చిన సవరణ ఇందుకు రెండు పరిమితులను చేర్చింది. రుసుము చెల్లించినప్పటికీ, అదే నేరం పునరావృతమైతే మొదటిదానిని లెక్కలోకి తీసుకుంటారు. అట్లే, లైసెన్సుపై చర్య నిమిత్తం 206వ సెక్షన్ క్రింద ప్రారంభమైన ప్రక్రియ రుసుము చెల్లింపుతో ఆగదు. హెల్మెట్ ధరించకపోవడం, ద్విచక్ర వాహనంపై ముగ్గురు ప్రయాణించడం వంటి నేరాలకు జరిమానాతో పాటు మూడు నెలల లైసెన్సు అనర్హత కూడా ఉన్నందున ఆటో, లారీ డ్రైవర్లు ఈ విషయాన్ని ప్రత్యేకంగా గమనించవలసి ఉంది. జీవనాధారమైన లైసెన్సు వీరికి జరిమానా మొత్తం కంటే విలువైనది.

మద్యం సేవించి వాహనం నడిపిన నేరానికి కాంపౌండింగ్ సౌకర్యం లేదు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాలు ఉన్నట్లు పరీక్షలో తేలిన వారు న్యాయస్థానం ఎదుట హాజరు కావలసిందే. మొదటిసారి ఆరు నెలల వరకు జైలు, లేదా రూ.10,000 జరిమానా, లేదా రెండూ విధించవచ్చు.

రెండవ మార్గం: పొరపాటు సవరణ

నంబరు ప్లేటును తప్పుగా చదవడం, నకిలీ నంబరుతో వేరొక వాహనం తిరగడం, విక్రయించిన వాహనంపై పాత యజమానికి చలానా రావడం వంటి సందర్భాలలో చలానా జారీ చేసిన పోలీసు లేదా రవాణా కార్యాలయానికి వ్రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. రిజిస్ట్రేషన్ ధ్రువపత్రం, వాహనం ఫోటో, ఆ సమయంలో వాహనం వేరొక చోట ఉన్నట్లు తెలిపే ఆధారాలు జతపరచి, అర్జీకి రసీదు పొందాలి.

వాహనం విక్రయించిన వారు రాష్ట్రంలోపలైతే 14 రోజులలోగా, కొన్నవారు 30 రోజులలోగా రిజిస్ట్రేషన్ అధికారికి తెలియజేయాలని 50వ సెక్షన్ నిర్దేశిస్తున్నది. కేవలం కాగితంపై సంతకాలతో వాహనం చేతులు మారినప్పుడు చలానాలు పాత యజమాని పేరిటనే వస్తాయి.

కెమెరాల ద్వారా నమోదయ్యే ఉల్లంఘనల విషయంలో 2021 ఆగస్టులో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలకు చేర్చిన 167-ఏ నిబంధన వర్తిస్తుంది. ఉల్లంఘన జరిగిన 15 రోజులలోగా నోటీసు పంపాలని, తేదీ, సమయం, స్థలంతో కూడిన ఛాయాచిత్రం, ఉల్లంఘించిన సెక్షన్ వివరాలు అందులో ఉండాలని ఆ నిబంధన చెబుతున్నది.

మూడవ మార్గం: న్యాయస్థానం

ఆరోపణను అంగీకరించని వారు న్యాయస్థానంలో స్వయంగా గాని, న్యాయవాది ద్వారా గాని వాదన వినిపించవచ్చు. ఆదోని, ఎమ్మిగనూరులలో న్యాయస్థానాలు ఉన్నందున ఇందుకై జిల్లా కేంద్రానికి వెళ్లనవసరం లేదు. 208వ సెక్షన్ క్రింద సమన్లు అందిన వారు, అందులో అనుమతించిన పక్షంలో, నేరాన్ని అంగీకరిస్తూ రిజిస్టర్డు లేఖ, సూచించిన మొత్తం పంపి హాజరు నుంచి మినహాయింపు పొందవచ్చు. ఈ విధంగా పరిష్కరించుకున్న వారిపై ఆ అంగీకారం కారణంగా లైసెన్సు అనర్హత విధించరాదని అదే సెక్షన్ స్పష్టం చేస్తున్నది.

రాజీకి వీలున్న కేసులను లోక్ అదాలత్‌లలో పరిష్కరించుకోవచ్చు. లోక్ అదాలత్ అవార్డు అంతిమం. దానిపై అప్పీలు లేదు. 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టంలోని 12వ సెక్షన్ ప్రకారం మహిళలు, షెడ్యూల్డు కులాలు, తెగల వారు, దివ్యాంగులు తదితరులు ఉచిత న్యాయ సహాయానికి అర్హులు.

లైసెన్సు, వాహనం స్వాధీనం చేసుకున్నప్పుడు

లైసెన్సును స్వాధీనం చేసుకున్న అధికారి వ్రాతపూర్వక రసీదు ఇవ్వాలి. అనర్హత ఉత్తర్వుకు ముందు లైసెన్సుదారుని వాదన వినాలి. ఉత్తర్వు అందిన 30 రోజులలోగా అప్పీలు చేసుకోవచ్చు. రిజిస్ట్రేషన్, పర్మిట్ లేదా లైసెన్సు లేని కారణంగా 207వ సెక్షన్ క్రింద నిలిపివేసిన వాహనం విడుదలకు సంబంధిత పత్రాలతో దరఖాస్తు చేయాలి. డిజిలాకర్, ఎం-పరివాహన్ లలోని పత్రాలు తనిఖీలో చెల్లుబాటు అవుతాయి.

పొరుగు రాష్ట్రాల చలానాలు

బళ్లారి, సిరుగుప్ప, రాయచూరులకు ఈ ప్రాంతవాసుల రాకపోకలు ఎక్కువ. చలానా జారీ చేసిన రాష్ట్రపు రుసుములే దానికి వర్తిస్తాయి; వివాదం కూడా ఆ ప్రాంత పరిధిలోనే తేల్చుకోవాలి. తెలంగాణ 2022 మార్చిలోను, 2023 డిసెంబరులోను, కర్ణాటక 2023 ఫిబ్రవరిలోను, 2025 ఆగస్టు, సెప్టెంబరులలోను ప్రకటించిన రాయితీలు ఆయా రాష్ట్రాల పెండింగు చలానాలకే పరిమితమైనవి. రాయితీ వస్తుందన్న ఆశతో ఆంధ్రప్రదేశ్ చలానాను నిలిపి ఉంచడం వలన సమన్లు వచ్చే అవకాశమే పెరుగుతుంది.

పాత్రికేయులు, అధికారులు గమనించవలసినవి

చలానా అందిన వ్యక్తిని నేరస్థుడని పేర్కొనరాదు. విచారణ లేదా అంగీకారం తరువాతనే ఆ నిర్ధారణ. మైనరు వాహనం నడిపిన కేసులలో 199-ఏ సెక్షన్ క్రింద సంరక్షకునికి లేదా యజమానికి మూడేళ్ల వరకు జైలు, రూ.25,000 జరిమానా ఉన్నప్పటికీ, బాలుని పేరు, గుర్తింపు వివరాలు ప్రచురించడాన్ని బాల న్యాయ చట్టం 74వ సెక్షన్ నిషేధించింది. చట్టాన్ని అమలు చేసే అధికారులే ఉల్లంఘనకు పాల్పడితే 210-బి సెక్షన్ ప్రకారం రెట్టింపు జరిమానాకు బాధ్యులు అవుతారు.

చలానా పేరిట వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్లను తెరవరాదు. వాటి ద్వారా బ్యాంకు ఖాతాలలోని సొమ్ము కాజేసే మోసాలు దేశంలో పలుచోట్ల జరిగాయి. వాహనం నంబరును అధికారిక వెబ్‌సైటులో నమోదు చేసి బకాయిని సరిచూసుకున్న పిమ్మటనే చెల్లించాలి. రసీదు లేని నగదు చెల్లింపుతో చలానా రద్దు కాదు. ప్రతి చెల్లింపునకు రసీదు పొంది భద్రపరచుకోవాలి.